ఎడమవైపు వెనక కమాన్

కైసర్స్‌లౌటర్న్,
జనవరి 2021.

అక్కా,

భాస్కర్ రావు మా ఓటు దొంగిలించాడు. ముందు ఈ మాట రాస్తే గానీ క్షేమ సమాచారాలు రాయబుద్ధి కాలేదు. మేం బాగానే ఉన్నాం. మాస్కులు, పాస్తా, ఆన్‌లైన్ పరీక్షలు. అంతే.

ఉత్తరం చూసి నవ్వుకుంటున్నావు కదూ? పెద్దమ్మ కూతురివి, ఫోన్ చేస్తే ఎత్తుతావని తెలుసు. కానీ మా హాస్టల్ విక్రాంత్‌కి విడిగా పెట్టిన మెసేజ్ ఒకటి మర్నాటికల్లా భాస్కర్ రావు ఫోన్లోకి చేరింది. ఎవరు పంపారో తెలీదు. అప్పట్నించీ ఫోన్లో వంకాయ కూర గురించి తప్ప ఇంకేం మాట్లాడటం లేదు. పోస్టు కవరైతే కనీసం చింపిన గుర్తుంటుంది.

సంగతి ఇదీ. పోయినేడు మొదటి లాక్‌డౌన్‌లో, ఇక్కణ్ణించి తిరిగి వెళ్ళిపోతున్న ఒక అమెరికన్ సైనికుడి దగ్గర స్టూడెంట్లం అందరం చందాలేసుకుని పెద్ద పికప్ బండి కొన్నాం. మన మినీ లారీకి తమ్ముడు. మేం పెట్టుకున్న పేరు దున్న. క్వారంటైన్లో ఇరుక్కున్న పిల్లలకి మన్‌హైమ్ నుంచి బియ్యం, కూరగాయలు తెచ్చింది అదే. గది ఖాళీ చెయ్యమన్నవాళ్ళ మంచాలు మోసింది అదే. భాస్కర్ రావు ఇక్కడ ఐటీలో పెద్ద ఉద్యోగి, తెలుగు సంఘం అధ్యక్షుడు, బ్లూ కార్డు వీసా ఉంది, ఇన్సూరెన్సు తేలికని కాగితాలు ఆయన పేరున పెట్టాం. అదే మా మొదటి తప్పు. ఆస్తి అందరిదీ కాగితం ఒకడిదీ అయితే చివరికి అది ఎవరిదవుతుందో నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉంది. అయినా సంతకం పెట్టాను.

లోడు వేస్తే దున్న వెనక కుంగిపోతుంది. హెడ్‌లైట్లు రోడ్డు వదిలేసి చెట్ల మీద కాకుల్ని చూస్తాయి. నవంబరులో వీడియో మీటింగు పెట్టి ఏం చెయ్యాలో ఓటు వేశాం. విక్రాంత్ బండి మొత్తం పైకి లేపి పెద్ద టైర్లు వేయిద్దామన్నాడు. "రేంజ్ ఉంటది బ్రో" అని వాడి వాదన. భాస్కర్ రావు వెనక ఇరుసు మీద గాలి సంచులు పెట్టిద్దామన్నాడు. నేను చెరోవైపు కమాన్‌లో, అదే బరువు మోసే ఇనప పట్టీల కట్టలో, ఇంకో పట్టీ చాలన్నాను. ఆటోనగర్ పిల్లాణ్ణి, లారీలు కమాన్ల మీద కొండల్ని మొయ్యడం చూసి పెరిగాను. నా మాటే నెగ్గింది.

డిసెంబరు వచ్చింది. భాస్కర్ రావు బండిని తన ఇంటి ఆవరణలో పెట్టి టార్పాలిన్ కప్పేశాడు. తాళం ఇవ్వడు. "పార్టులు ఆర్డరిచ్చాను బాబూ, ఓపిక పట్టండి" అంటాడు. ఏ పార్టులంటే గాలి సంచులట! మరి ఓటో? నవ్వి మాస్కు సర్దుకుంటాడు.

ఎందుకో నాకు తెలుసు. వాళ్ళింటి కిటికీలో క్యారవాన్ల, అదే బండి వెనక తగిలించే చక్రాల ఇళ్ళ, కాటలాగు చూశాను. కమాన్ పట్టీ వేస్తే నడుం విరుగుతుంది. గాలి సంచులైతే ఊయల. మా బియ్యం బండికి క్యారవాన్ తగిలించి పెళ్ళాం పిల్లల్ని చెరువుల చుట్టూ తిప్పాలని చూస్తున్నాడు. ఇక్కడ నాతో చదివే ఈషా, బ్రహ్మయ్య బియ్యం బస్తాలు సైకిల్ మీద పెట్టుకుని, మంచులో హాస్టల్ కొండ ఎక్కుతున్నారు.

నువ్వు బండ్ల సస్పెన్షన్ మీదే థీసిస్ రాస్తున్నావు. పట్టీ మంచిది, గాలి సంచి మోసం అని ఒక్క పేజీ రాసిపంపు. మిగతాది నేను చూసుకుంటా.

నీ తమ్ముడు
జితేంద్ర


క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
జనవరి ఆఖరు.

ఒరేయ్ జితేంద్రా,

నీ ఉత్తరం మంచులో తడిసి వచ్చింది. చింపిన గుర్తులేం లేవు, నిశ్చింతగా ఉండు. ఇక్కడ హార్జ్ కొండల్లో మంచు కిటికీ గట్టు దాకా వచ్చింది. ల్యాబుకి వారానికి రెండు రోజులే రానిస్తున్నారు. మిగతా రోజులు కంప్యూటర్లో బొమ్మ బండిని బొమ్మ గుంతల్లో పడేస్తూ కూచుంటాను.

ముందు ఒక మాట. భాస్కర్ రావు పక్కన 'గారు' ఎక్కడ పారేసుకున్నావు? ఆయన నీకంటే పదిహేనేళ్ళు పెద్ద.

నువ్వడిగిన పేజీ రాయను. నిజం అలా లేదు. పట్టీ వేస్తే బండి ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది, ఖాళీగా ఉన్నా సరే. మీ దున్న నెలలో ఎన్ని రోజులు నిండా లోడుతో తిరుగుతుంది? మిగతా రోజులు వెనక చక్రాలు గంతులేస్తాయి. తడి రోడ్డు మీద గంతేసే చక్రం పట్టు వదిలేస్తుంది. గాలి సంచి అలా కాదు. లోడు వేసినప్పుడు నింపుతావు, దించాక వదిలేస్తావు. ఊయల కోసం కాదది. విక్రాంత్ చెప్పినట్టు ఎత్తు లేపితే బస్తా ఎక్కించడానికి నిచ్చెన కావాలి, మలుపులో బండి ఒరుగుతుంది. వాడికి నా తరఫున ఒక మొట్టికాయ వెయ్యి.

ఇంకొకటి. ఏది వేసినా కాగితం మీద మోయదగ్గ బరువు పెరగదు. మీ బండి ఇక్కడ మూడున్నర టన్నులకి రిజిస్టరై ఉంటుంది, బండే మూడు టన్నులకి దగ్గర. మీరు వేసే లోడు ఎంతో నాకు తెలుసు, చెప్పకు. బాబాయి ఆటోనగర్‌లో పట్టీ మీద పట్టీ వేయించి "ఇంకో రెండు టన్నులు లాగుద్ది" అంటాడే, ఆ లెక్క ఈ దేశంలో చెల్లదు. ఏ మార్పు చేసినా తనిఖీ ఇంజనీరు చూసి కాగితంలో ఎక్కించాలి. లేకపోతే బండి రోడ్డెక్కే అర్హతే పోతుంది.

అందులోనూ ఎడమ వెనకవైపు ముందే కుంగి ఉన్న బండికి పట్టీ మీద పట్టీ వెయ్యడం అస్సలు మంచిది కాదు. తొందరపడకు. ఆయన్ని కాస్త నమ్ము.

కరపత్రంలో నా పేరు కనిపిస్తే పిన్నికి చెప్తా.

రుచిత


కైసర్స్‌లౌటర్న్,
ఫిబ్రవరి.

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి కొంత నిజమే అనిపించింది. మూడోసారి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను.

ఎడమ వెనకవైపు కుంగిందని నేనెక్కడ రాశాను?

'వెనక' అని రాశాను. ఎడమ అని రాయలేదు. నాకే తెలీదు! నిన్న బ్రహ్మయ్యని అడిగితే "గట్లేం లేదన్నా, రెండు దిక్కులా కుంగుతది" అన్నాడు. నువ్వేమో నాలుగొందల కిలోమీటర్ల అవతల మంచులో కూచుని ఎడమ అంటున్నావు. నీకెవరు చెప్పారు?

సమాధానం వచ్చేదాకా నేను చేతులు కట్టుకు కూచోలేదు. 'బండి ఎవరిది?' అని ఒక కరపత్రం రాసి హాస్టల్ బట్టలుతికే గదిలో అంటించాను. అది చదవకుండా ఎవడూ చొక్కా ఉతుక్కోలేడు. ఓటు ఎలా పోయిందో, టార్పాలిన్ కింద ఏం దాచారో, క్యారవాన్ కాటలాగు సంగతి, అన్నీ రాశాను. చివర్లో "తాళం ఒకడి జేబులో ఉంటే మనందరం ఆ జేబులో ఉన్నట్టే" అని ముగించాను. ఈషా చదివి, "రచన బావుంది. ఇంతకీ బియ్యం ఎవరు తెస్తారు, ఈ వాక్యమా?" అంది. ఆ పిల్లకి విప్లవ దృష్టి తక్కువ.

మర్నాడు భాస్కర్ రావు ఫోను. తిడతాడనుకున్నా. తిట్టలేదు. "అన్నీ చెప్తాను బాబూ, టైం రానీ" అన్నాడు. గొంతు వణికింది. దొంగకి కోపం రావాలి గదా అక్కా, భయం ఎందుకొస్తుంది?

నువ్వు ఆయన్ని ఎంత కాలంగా ఎరుగుదువు? సూటిగా చెప్పు.

జితేంద్ర


క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
ఫిబ్రవరి.

జితేంద్రా,

అమెరికా బండికి డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు. ఎన్నో ఏళ్ళు ఒకడే తోలిన బండి అటువైపు కాస్త కుంగడం మామూలే. ఊహించి రాశాను. దాన్ని పట్టుకుని పోలీసు విచారణ మొదలుపెట్టకు.

థీసిస్ పని నెత్తి మీద ఉంది. మంచు ఇంకా కురుస్తూనే ఉంది, బస్సులు ఆగిపోయాయి. కరపత్రం తీసెయ్యి. అది నువ్వనుకున్నంత మంచి పని చెయ్యదు.

బండి జోలికి వెళ్ళకు. ఇది మాత్రం విను.

రుచిత


కైసర్స్‌లౌటర్న్,
ఏప్రిల్, ఈస్టర్ ముందు.

రుచితక్కకి,

డ్రైవరు ముందు కూర్చుంటాడు. వెనక కాదు. ఈ మాట నాకు తట్టలేదు, ఈషాకి తట్టింది. నీ ఉత్తరం చూపిస్తే, "మీ అక్క ఇంజనీరేనా, లేక నిన్ను పిచ్చోణ్ణనుకుంటోందా?" అంది. చిన్నప్పుడు నువ్వు అబద్ధం ఆడితే ఉత్తరాలు ఇలాగే పొట్టిగా ఉండేవి. హాస్టల్నించి పెద్దమ్మకి రాసేదానివే, "జ్వరం లేదు, బాగున్నాను" అని. ఆ వారమే నిన్ను ఆసుపత్రిలో చేర్చారు.

ఇక్కడి సంగతులు విను. గాలి సంచులు వచ్చాయి. భాస్కర్ రావు గరాజ్‌లో పెట్టెలు చూశాను. పెట్టెలు వచ్చాయిగా, బిగించరేం అంటే ఇంకో పార్టు రావాలట. ఏ పార్టో చెప్పడు. ఎందుకు ఆలస్యం అంటే, "సూయజ్ కాలవలో ఓడ అడ్డం పడింది కదా బాబూ" అన్నాడు. అక్కా, అమెరికా నుంచి జర్మనీకి వచ్చే ఓడ సూయజ్ కాలవలోకి ఎందుకు పోతుంది? ఆ మాటకి బ్రహ్మయ్య కూడా నవ్వాడు. నవ్వి, "అన్నా, గీయన ఏందో దాస్తుండు. గాని గది క్యారవాన్ అయితే కాదు" అన్నాడు.

ఆయన దాస్తున్నాడు. నువ్వూ దాస్తున్నావు. ఇద్దరూ ఒకే దాన్ని దాస్తున్నారని నా అనుమానం. నా మెసేజ్ ఆయనకి అందించింది విక్రాంతో ఇంకెవరో అని నాలుగు నెలలు నిద్ర పాడుచేసుకున్నా. ఇప్పుడు నీ మీద కూడా అనుమానం పెట్టుకోవాల్సి వస్తోంది. ఇంతకన్నా నీచం ఏముంది?

ఇక అడగను. తుక్కు బళ్ళ దొడ్లో అలాంటిదే ఒక పాత పికప్ దొరికింది. దాని కమాన్ల నుంచి రెండు మంచి పట్టీలు విప్పించి తెచ్చాను. ఆదివారం భాస్కర్ రావు వాళ్ళు చర్చి వెనక అడవిలో నడకకి వెళ్తారు. ఆవరణకి గేటు లేదు. నేనూ, బ్రహ్మయ్యా వెళ్ళి, జాకీలు పెట్టి, పట్టీలు బిగిస్తాం. ఆదివారం సుత్తి చప్పుడు చేస్తే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారని తెలుసు. పిలవనీ. తాళం లేకుండా స్టార్ట్ చెయ్యడం ఆటోనగర్లోనే నేర్చుకున్నా, ఈస్టర్ సెలవు దాటాక మంగళవారం లోడు వేసుకుని మన్‌హైమ్ నుంచి బండి తోలుకొస్తా. ఓటు అమలైందని జనం చూడాలి.

ఫోన్ ఆపేస్తున్నా. నీకు చెప్పి చేస్తున్నా, దాచి కాదు.

జితేంద్ర


క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
ఈస్టర్ సోమవారం.

జిత్తూ,

నీ కవరు శనివారం అందింది. చదవగానే నీకు చేశాను. నీ ఫోన్ పలకలేదు. తెలుగు సంఘం గ్రూపులో వెతికి బ్రహ్మయ్య నంబరు పట్టుకున్నాను. నిన్ను ఆదివారం పొద్దున అతను కాళ్ళు పట్టుకుని ఆపాడని తెలుసు. తనకి కడుపునొప్పని అబద్ధం కూడా ఆడాడట. అతన్ని తిట్టకు, ఆడించింది నేనే.

ఇప్పుడు సూటిగా.

కమాన్ పట్టీల కట్టను బండి చట్రానికి, అంటే చాసిస్‌కి, పట్టి ఉంచే ఇనప బ్రాకెట్ ఉంటుంది. మీ దున్నకి ఎడమవైపు వెనక బ్రాకెట్ పగిలి ఉంది. తుప్పు. ఇక్కడి రోడ్ల మీద ప్రతి చలికాలం చల్లే ఉప్పు లోపల్లోపల తినేసింది. సగానికి పైగా పగిలింది. నువ్వు దాని మీద ఇంకో పట్టీ వేసి, లోడు ఎత్తి, మన్‌హైమ్ ఆటోబాన్ హైవే మీద తోలి ఉంటే ఆ మిగిలిన సగం తెగేది. వెనక ఇరుసు ఒక పక్కకి జరిగిపోయేది. ఆ తరవాత ఏమవుతుందో కంప్యూటర్లో నేను రోజూ చూస్తుంటాను. ఆ బొమ్మ బండిలో నిన్ను ఊహించుకోలేకపోయాను.

భాస్కర్ రావు గారు డిసెంబరులో టార్చి పట్టుకుని కింద దూరి చూశారు. ఫోటోలు నాకు పంపారు. అంతకు ముందు ఏ తెలుగు సంఘం వెబినార్‌లోనో నేను మాట్లాడితే విన్నారట. బండి కదపొద్దనీ, రెండువైపులా బ్రాకెట్లు కొత్తవి వెయ్యాలనీ, పట్టీలు కలపకుండా గాలి సంచులు పెట్టాలనీ చెప్పింది నేనే. అందరికీ చెప్పమని కూడా అన్నాను. ఒక వారం అన్నారు. తరవాత పార్టు వచ్చాక అన్నారు. నా పేరు బయటపెట్టొద్దని అడిగింది మాత్రం నేను.

ఎందుకంటావు? నీకు తెలిస్తే కరపత్రం ఆ రోజే, వెల్డింగు మర్నాడు. ఆటోనగర్‌లో పగిలినదేదైనా అతికిస్తారు కదా. ఆ బ్రాకెట్‌ని అతికిస్తే పక్కనే ఇంకోచోట పగులుతుంది. నీ కోపానికి భయపడి నీకు నిజం చెప్పలేదు. నీ మెసేజ్ ఆయనకి పంపింది మాత్రం నేను కాదు, నాకు తెలీదు కూడా.

తిట్టాలనుంటే తిట్టు. పొడుగు ఉత్తరమే రాయి.

అక్క


కైసర్స్‌లౌటర్న్,
ఏప్రిల్.

అక్కా,

తిట్టడానికి కూర్చుని కాగితాలు చింపాను. తరవాత రాస్తా. ముందు జరిగింది విను.

మేం ముగ్గురం భాస్కర్ రావు ఇంటికి వెళ్ళాం. నేను, బ్రహ్మయ్య, ఈషా. దూరందూరంగా నిలబడ్డాం, మాస్కులతో, ఏదో ఆసుపత్రి పంచాయితీలాగా. నేనే టార్పాలిన్ లాగేశాను. ఆయన ఆపలేదు. టార్చి తీసుకుని కింద దూరాను. బురద, నూనె, తుప్పు. గోరు పెట్టాను. దిగింది. అక్కా, గోరు దిగింది.

బయటికొచ్చేసరికి ఆయన భార్య శాంత గారు తలుపు దగ్గరున్నారు. కొన్న రోజున నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది ఆవిడే. అప్పుడు మూఢనమ్మకమని అరిచాను. అరిచానే గానీ నేను మాత్రం కింద దూరి చూశానా? ఇంజిన్ చప్పుడు విని "కత్తిలా ఉంది" అని తాళం పుచ్చుకున్నా.

"క్యారవాన్ కోసమేగా!" అన్నాను. ఇంకేం అనాలో తోచక.

శాంత గారు, "అవును చూశాను. ఏడాదయింది బడి లేదు, పసిపిల్లల కీటా కూడా లేదు, పిల్లలు గోడలు గీకుతున్నారు. కాటలాగు చూడటం కూడా నేరమేనా అబ్బాయ్?" అన్నారు.

నేను టార్పాలిన్ మడత పెట్టడం మొదలెట్టాను.

భాస్కర్ రావు మెట్టు మీద కూర్చుని చెప్పాడు. ఆయనకి పర్మనెంట్ రెసిడెన్సు కోసం ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఉందట. బండి ఆయన పేరున ఉంది. పగిలిన బండిలో జనాన్ని తిప్పాడని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, కేసయితే, ఇన్ని ఏళ్ళూ పోతాయని భయం. బ్రాకెట్ వచ్చాక నిశ్శబ్దంగా మార్పించేస్తే ఎవరికీ తెలియదనుకున్నాడు. నా మెసేజ్ సంగతీ అడిగాను. విక్రాంతే, కంగారులో తప్పు గ్రూపుకి పంపాడట. కుట్ర లేదు, వాడి బొటనవేలు లావు.

అప్పుడు ఈషా అడిగింది. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ పెంచదు.

"అంకుల్, మీరు పగులు చూసిందెప్పుడు?"

"డిసెంబరు మొదట్లోనమ్మా."

"ఏ వారం?"

ఆయన మాస్కు సర్దుకున్నాడు.

"మేం ఆఖరిసారి మన్‌హైమ్ వెళ్ళింది డిసెంబరులోనే. పొద్దున తాళం మీరే ఇచ్చారు. 'జాగ్రత్తమ్మా, నెమ్మదిగా పోండి' అన్నారు. ఎప్పుడూ అనని మాట అన్నారని నాకు గుర్తు. అప్పటికి చూశారా?"

ఆయన తల ఊపాడు. అటూ ఇటూ కాదు, కిందికి.

"ముందురోజు సాయంత్రం," అన్నాడు. "చెబుదామని తెల్లారిందాకా అనుకున్నానమ్మా. మీరొచ్చి నిలబడ్డారు. నోరు రాలేదు."

"వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నది నేను అంకుల్," అంది ఈషా.

బ్రహ్మయ్య డ్రైవింగు. ఆటోబాన్. బియ్యం లోడు. అక్కా, నేను ఎన్ని కరపత్రాలు చదివాను, ఎన్ని రాశాను! ఆ ఒక్క వాక్యం నేను రాయలేను. శాంత గారు కూడా అప్పుడే విన్నట్టున్నారు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు, ఆయన బయట ఉండగానే.

ఈ ప్రయాణం సంగతి నీకు తెలుసా? దీనికి మాత్రం పొట్టిగా జవాబు రాయి. అవునో కాదో.

జితేంద్ర


క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్,
మే మొదటి వారం.

జిత్తూ,

కాదు.

నాకు ఫోటోలు పంపింది ఆ తరవాత. "బండి ఆపేశాను" అన్నారు. ఎప్పుడు ఆపారని అడగలేదు. ఇప్పుడు నాకు ఆయన రాసిన ప్రతి మెసేజ్ మళ్ళీ చదవాలనిపిస్తోంది, తేదీలు చూస్తూ. నీ అనుమానం అంటువ్యాధిలా ఉంది. అయినా మాస్కు పెట్టుకోను.

ఇప్పుడు అందరం చేయాల్సింది వేరే ఉంది. మన ఊళ్ళలో కరోనా రెండో అల సంగతి నీకూ తెలుసు. బ్రహ్మయ్య వాళ్ళక్క ఆండాళ్ సూర్యాపేటలో నర్సు కదా. రాత్రి నాతో మాట్లాడింది. ఒక ఆక్సిజన్ మిషను చుట్టూ నలుగురు రోగులు వంతుల వారీగా పీలుస్తున్నారట. "మిషన్లు దొరికితే పంపియ్యిండ్రి చెల్లె, మస్తు లేటయితుంది" అంది. జర్మనీలో మనవాళ్ళు కొని ఇచ్చినవి అక్కడక్కడా ఉన్నాయి, సార్‌బ్రూకెన్‌లో, ట్రియర్‌లో, మీ చుట్టూ పల్లెల్లో. ఫ్రాంక్‌ఫర్ట్ విమానం దాకా చేర్చేవాళ్ళు కావాలి.

బ్రాకెట్లు వచ్చాయని విన్నాను. నేను చెప్పేది ఇదీ. రెండువైపులా కొత్తవి. కమాన్లు ఉన్నవే ఉండనీ, నీ తుక్కు పట్టీలు తుక్కు దొడ్డికే. వెనక షాక్ అబ్జార్బర్లు మార్చండి, పాతవి నూనె కారుతున్నాయి. గాలి సంచులు బిగించండి. ఆక్సిజన్ మిషను బియ్యం బస్తా కాదు, కుదుపు పడదు. ట్యూఫ్ తనిఖీలో అన్నీ కాగితంలోకి ఎక్కాక గానీ కదలొద్దు.

కానీ బండి బాగయితే చాలదు. సార్‌బ్రూకెన్‌లో మిషన్లున్న ఆవిడ భానుమతి గారు నాతో ఏమన్నారో తెలుసా? "లౌటర్న్ వాళ్ళా? ఆ దొంగ బండి కరపత్రం మా గ్రూపులోకీ వచ్చింది. వాళ్ళకి ఇవ్వనమ్మా" అన్నారు. అద్దె వ్యాను తెస్తారని చెప్పాను. "బండి మారితే మనుషులు మారతారా?" అన్నారు.

నీ వాక్యం బాగా పని చేసింది తమ్ముడూ. ఇప్పుడేం చేస్తావు?

రుచిత


కైసర్స్‌లౌటర్న్,
మే నడుమ.

అక్కా,

ఏం చేస్తానో రాస్తున్నా. ఈ ఉత్తరం నీకొక్కదానికే కాదు. నకళ్ళు తీసి భానుమతి గారికీ, ట్రియర్ వాళ్ళకీ, మా హాస్టల్ బట్టల గదికీ పెడుతున్నా. దాచి రాసేదేమీ మిగల్లేదు.

నువ్వు చెప్పినవన్నీ అయ్యాయి. ట్యూఫ్ ఇంజనీరు దున్న కింద చాలాసేపు తిరిగాడు. గాలి సంచుల్ని నొక్కి చూశాడు, నింపించాడు, వదిలించాడు, కాగితంలో ఎక్కించి ముద్ర కొట్టాడు. బండి ఇప్పుడు ఖాళీగా ఉన్నా, లోడుతో ఉన్నా సమంగా నిలుస్తోంది. హెడ్‌లైట్లు కాకుల్ని వదిలి రోడ్డు చూస్తున్నాయి. విక్రాంత్ ముఖం ముడుచుకుని "రేంజ్ లేదు గానీ డీసెంట్‌గా ఉంది" అన్నాడు.

అయినా ఎవరూ ఎక్కడం లేదు. బ్రహ్మయ్య ఎక్కాడు, వాళ్ళక్క కోసం. ఈషా ఇంకా ఎక్కలేదు, ఎక్కమని అడిగే హక్కు నాకు లేదు. కాగితం మీద ముద్ర ఉందంటే, "కాగితాలు ఎప్పుడూ ఉన్నాయిగా" అంటున్నారు. నిజమే. నేనే నేర్పాను వాళ్ళకి.

అందుకని భాస్కర్ రావు గారి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. అందరి ముందూ మీ నోటితో చెప్పండి అన్నాను. డిసెంబరు సాయంత్రం చూసిందీ, పొద్దున తాళం ఇచ్చిందీ.  "టెర్మిన్ వచ్చే నెలలో ఉంది జితేంద్రా" అన్నారు. నాకు తెలుసు అన్నాను. మిషన్లకి వచ్చే నెల లేదు అని కూడా అన్నాను. శాంత గారు లోపల్నించి వచ్చి, "ఆయన చెప్తారు. చెప్పకపోతే నేను చెప్తా" అన్నారు.

ఇప్పుడున్న నిబంధనల్లో పదిమంది ఒకచోట నిలబడితే జరిమానా. కానీ నేను చదివిన చట్టాల్లో ఒకటి పనికొచ్చింది. బహిరంగ సభకి మాత్రం ఈ దేశంలో హక్కు ఉంది, మాస్కులు, దూరం పాటిస్తే చాలు. ముందుగా నమోదు చెయ్యాలి. ఊరి నిబంధనలు చూసే ఆఫీసు, ఆర్డ్‌నుంగ్స్ఆమ్ట్‌కి ఫోన్ చేశాను. అటువైపు ఆవిడ చాలా మర్యాదగా, "సభ విషయం?" అంది.

"ఒక పికప్ బండి వెనక సస్పెన్షన్," అన్నాను.

కీబోర్డు చప్పుడు ఆగింది. "అనుకూలమా, వ్యతిరేకమా?"

"చూడ్డానికి," అన్నాను.

నమోదు చేసుకుంది. సభ బాధ్యుడి పేరు నాదే. ఈసారి కాగితం నా పేరున ఉంది.

మిత్రులారా, ఇక మీతో. నేను జితేంద్రని. 'బండి ఎవరిది?' అని రాసిందీ నేనే. అందులో ఓటు సంగతి నిజం. క్యారవాన్ సంగతి నా ఊహ. దాచారన్నది నిజం. ఏం దాచారన్నది నాకప్పుడు తెలియదు, తెలిసినట్టు రాశాను. ఆ రాతవల్ల ఇప్పుడు మీ ఇళ్ళలో మిషన్లు పెట్టెల్లోనే ఉన్నాయి, సూర్యాపేటలో ఆండాళ్ గారి వార్డులో మనుషులు వంతుల కోసం ఎదురుచూస్తున్నారు.

నన్ను నమ్మమనడం లేదు. భాస్కర్ రావు గారినీ నమ్మొద్దు. వచ్చి చూడండి. పగిలిన పాత బ్రాకెట్‌ని బండి వెనక తలుపు మీద పెడతాం, చేత్తో పట్టుకోండి, గోరు పెట్టండి. పక్కన నా కరపత్రం కూడా ఉంటుంది. టార్చి ఉంటుంది, నేల మీద పరుచుకోవడానికి ఆ టార్పాలిన్ ఉంటుంది. కింద దూరండి. చీరలు కట్టుకున్నవాళ్ళకి ప్యాంట్లు వేసుకున్నవాళ్ళు చూసి చెప్పడం కాదు, ఎవరికి వాళ్ళే చూడాలి. శాంత గారు నిమ్మకాయలు తెస్తున్నారు. నేను ఏమీ అనను. కానీ ముందు కింద దూరి చూశాకే నిమ్మకాయలు.

తాళాలు మూడు చేయించాం. ఒకటి భాస్కర్ రావు గారి దగ్గర, ఒకటి బ్రహ్మయ్య దగ్గర. మూడోది ఈషాకి ఇస్తున్నాం. ఆమె చూసి, బాగుందంటేనే బండి కదులుతుంది. బాగాలేదంటే ఆ రోజుకి మిషన్లు ఎవరింట్లోవి అక్కడే ఉంటాయి, మేం ఇంకో దారి వెతుక్కుంటాం. ఓటు లేదు. ఈ ఒక్కసారికి ఆమె మాటే.

అక్కా, సాక్ష్యం చెప్పాల్సినవాళ్ళలో నువ్వూ ఉన్నావు. ఉత్తరాల్లో దాక్కోవడం అయిపోయింది. మీ కొండ కింది గోస్లార్ స్టేషన్ నుంచి ముందురోజు రైలెక్కు. శాంత గారు పడక సిద్ధం చేస్తానన్నారు. నిన్ను తిట్టాల్సిన పొడుగు ఉత్తరం రాయలేదు, ఎదురుగా నిలబెట్టి తిడతా. తరవాత ఇద్దరం కలిసి లోడు ఎక్కిద్దాం.

మిషన్లున్నవాళ్ళు మిషన్లతో రండి. నమ్మకం లేనివాళ్ళు అనుమానంతోనే రండి. మాస్కు పెట్టుకోండి, చేతికి పాత గుడ్డ తెచ్చుకోండి. కైసర్స్‌లౌటర్న్ సంత మైదానం, దక్షిణపు గేటు దగ్గర, ఈ శనివారం, ఉదయం ఎనిమిది గంటలకి.